కొద్దిలో తప్పినవి

జనాభా లెక్కల పని శుభ్రంగా చేసినందుకు జ్ఞానవతికి ఈ పని వచ్చింది. ఎనభై ఒకటిలో జంగ్లీఘాట్ పేటలో ఇళ్ళన్నీ ఆమే తిరిగి రాసింది. ఒక్క గడప వదల్లేదని, కొట్టివేతలు లేని కాగితాలు తెచ్చిందని ఆఫీసులో పేరు పడింది. మే నెలలో జూనియర్ ఇంజనీరు గణేశ్వరరావు కబురు పెట్టాడు.

"ఈసారి ఇళ్ళు కాదు జ్ఞానవతి గారూ, కాళ్ళు లెక్క పెట్టాలి," అన్నాడు నవ్వుతూ.

ఆయన కాకినాడ మనిషి. ద్వీపాలకు వచ్చి రెండేళ్ళయింది. బల్ల మీద ప్లాను గీసిన నీలం కాగితం పరిచి చూపించాడు. అది టిన్ బజారు. రేకుల కప్పుల దుకాణాలు రెండు వైపులా ఉండే ఆ వీధి పై కూడలిలో మొదలై, నిట్టవాలుగా దిగి, నడిమధ్య రమణయ్య హోల్‌సేలు కొట్టు ముందు కాస్త చదునై, మళ్ళీ వాలి, అడుగున ఒక రాతి గోడ దగ్గర మలుపు తిరిగి జెట్టీ రోడ్డులో కలుస్తుంది. ఊరికి కావలసినవన్నీ అక్కడే దొరుకుతాయి. లారీలు, జీపులు, చేపల బుట్టలు, బడి పిల్లలు, షిప్పు దిగిన జనం, అందరికీ అదొక్కటే దారి.

"లారీలు కింద ఆగిపోతాయి. సరుకు తోపుడు బండ్ల మీద పైకి వస్తుంది. కాలవల మీద పలకలు, వాన పడకుండా నడవ, కూర్చుని అమ్ముకునే వాళ్ళకు అరుగులు. వీధి నడిచేవాళ్ళది. కానీ పైవాళ్ళకు అంకెలు కావాలి. పదిహేను రోజులు కూర్చుని ఎంతమంది నడుస్తున్నారో రాసివ్వండి చాలు."

జ్ఞానవతికి ముప్ఫై ఏళ్ళు. తండ్రి కళింగపట్నం వైపు నుంచి షిప్పెక్కి వచ్చి స్థిరపడ్డాక పుట్టిన పిల్ల. భర్త ఆనందబాబు దీవుల మధ్య తిరిగే బోటులో ఇంజను పని చేస్తాడు, నెలలో సగం రోజులు నీళ్ళ మీదే. ఆమె ఆదివారాలు తెలుగు క్రైస్తవ గుడిలో పిల్లలకు వాక్యం చెబుతుంది. ఆ వీధిలో చిన్నప్పటి నుంచీ నడిచింది. కూర్చుని చూడడం మాత్రం అదే మొదలు.

దర్జీ కొట్టు వసారాలో ఆమెకు ఒక కుర్చీ వేశారు. పొద్దున్న ఎనిమిది నుంచి మధ్యాహ్నం దాకా గీతలు గీయడం. నాలుగు నిలువు గీతలు, అయిదోది అడ్డగీత. నడిచేవాళ్ళకు ఒక గడి, సైకిళ్ళకు ఒకటి, మోటారు బళ్ళకు ఒకటి. మొదటి రెండు రోజులూ కళ్ళ నొప్పి తప్ప ఏమీ లేదు.

మూడో రోజు ఒక లారీ వెనక్కి నడుస్తూ రమణయ్య కొట్టు ముందుకు వస్తోంది. కాలవ మీద పలక విరిగి ఉండడంతో జనం అక్కడ రోడ్డులోకి దిగి నడుస్తారు. గొడుగు పట్టుకున్న ఒకావిడ వెనక్కి తిరిగి ఎవరినో పిలుస్తోంది. లారీ వెనక చెక్క ఆమె గొడుగును ముట్టుకుంది. గొడుగు వంగింది. ఎవరో ఆమెను చెయ్యి పట్టి లాగారు. ఆమె నవ్వింది. లాగినవాడూ నవ్వాడు. లారీ ఆగింది, వీధి కదిలింది.

జ్ఞానవతి పెన్సిలు కాగితం మీదే ఆగిపోయింది. ఇప్పుడు జరిగినదానికి గడి లేదు. కాసేపు ఆలోచించి కాగితం అంచున స్కేలు పెట్టకుండానే ఒక గీత లాగి, పైన 'కొద్దిలో' అని రాసి, కింద ఒక్క గీత గీసింది.

ఆ మర్నాటి నుంచి ఆమెకు అవే కనిపించడం మొదలైంది. బుట్ట నెత్తిన పెట్టుకున్న మనిషి పక్కనుంచి రాసుకుపోయిన జీపు. బడి పిల్ల చెప్పు ఊడితే వంగడం, సైకిలు ఆమె మీదుగా దూకినట్టు పక్కకు తప్పుకోవడం. కాగితం వెనక వీధి బొమ్మ గీసి, ఎక్కడ తప్పిందో అక్కడల్లా చుక్క పెట్టింది. పదో రోజుకు నలభై నాలుగు చుక్కలు. వాటిలో ముప్ఫై ఒకటి రమణయ్య కొట్టు ముందరే. అందులోనూ ఎక్కువ భాగం షిప్పు వచ్చిన రోజు, పొద్దున్న పదికీ పదకొండుకీ మధ్య.

ఆ ఆదివారం గుడిలో ప్రార్థనకు కళ్ళు మూసుకుంటే చుక్కలే కనిపించాయి. ఎక్కడో తెలుసు, ఏ వేళో తెలుసు. ఎవరో ఒక్కటే తెలియదు. ముందు వరుసలో మోకరించిన వాళ్ళ వీపులు ఒక్కొక్కటిగా చూసింది. వీళ్ళలో ఎవరైనా కావచ్చు. తన పక్కన పాటల పుస్తకం వెతుక్కుంటున్న పిల్లే కావచ్చు. ఆమెన్ అనడం మర్చిపోయింది.

సోమవారం ఆ కాగితం తీసుకెళ్ళి గణేశ్వరరావు ముందు పెట్టింది. ఆయన చుక్కలను వేలితో లెక్కపెట్టాడు.

"ఇది నేను అడగలేదే," అన్నాడు చివరికి. "కానీ నేను అడిగినదాని కంటే ఇదే పనికొస్తుంది. నడిచేవాళ్ళు రోజుకు ఆరు వేలు అంటే పైవాళ్ళు సరే అంటారు. నలభై నాలుగు సార్లు చావు పక్కనుంచి వెళ్ళిందంటే లేచి నిలబడతారు."

"లేచి నిలబడేలోపల నలభై అయిదోది రావచ్చు సార్. వచ్చే గురువారం షిప్పు ఉంది."

ఆయన అప్పటికప్పుడే నిర్ణయం తీసుకున్నాడు. గురువారం ఒక్కరోజు తాళ్ళు కట్టి చూద్దాం. చదునుగా ఉన్న నడిమి భాగానికి పైనా కిందా తాడు. అక్కడ బండి అనేది రాకూడదు. విరిగిన పలకల మీద చెక్కలు వేయిద్దాం. లారీలు జెట్టీ రోడ్డులో ఆగాలి. "మరి ఆ చదును మీద బుట్టలు పెట్టుకుని కూర్చునే ఆడవాళ్ళు అయిదుగురున్నారు కదా, వాళ్ళుంటే జనానికి దారి చాలదు. ఎక్కడ కూర్చోబెడదాం? మీకు వీధి తెలుసు. మీరే చెప్పండి."

జ్ఞానవతి బొమ్మ మీదికి వంగింది. పై నుంచి కింది దాకా చుక్కలు. అడుగున రాతి గోడ వారన మాత్రం తెల్లగా ఉంది. పది రోజుల్లో అక్కడ ఒక్క చుక్క పడలేదు.

"ఇక్కడ," అని వేలు పెట్టింది.

బుధవారం తాళ్ళు కట్టే గుంజలు పాతుతుంటే రమణయ్య కొట్టులోంచి బయటికి వచ్చాడు. యాభై ఏళ్ళ మనిషి, విజయనగరం వైపు వాడు. వర్తకుల తరఫున ఈ మార్పు వద్దని రెండు అర్జీలు పెట్టినవాడు.

"అమ్మా, షిప్పు రోజు జెట్టీ రోడ్డులో మనిషి నిలబడడానికే జాగా ఉండదు. లారీని అక్కడ ఎవడు ఆగనిస్తాడు? పోలీసులు తోలేస్తారు. తోలేస్తే పై కూడలి చుట్టూ తిరిగొచ్చి ఈ వాలు మీదే ఆపుతారు. ఇప్పుడు నా కొట్టు ముందు చదును మీద ఆగుతున్నాయి. రేపు వాలు మీద రాయి పెట్టి ఆపాలి. ఆలోచించుకోండి."

"మీ సరుకు ఒక్కరోజు ఆలస్యమైతే ఏం భయ్యా? ముప్ఫై ఒక్కసార్లు తప్పింది మీ గుమ్మం ముందే."

రమణయ్య ముఖం నల్లబడింది. "నా సరుకు సంగతి నేను మాట్లాడటం లేదు," అని లోపలికి పోయాడు. పక్కనున్న గణేశ్వరరావు పెదవి విరిచాడు. "అర్జీల్లో మూడో కారణం ఇదే," అన్నాడు. జ్ఞానవతి కూడా అలాగే అనుకుంది.

ఆ అయిదుగురిలో ఎండుచేపలు అమ్మే ఎరుకమ్మ మాత్రం లేవనంది. అరవై దాటిన మనిషి, మోకాళ్ళు పట్టేశాయి. జ్ఞానవతి తండ్రీ ఆమే ఒకే షిప్పులో వచ్చారు. జ్ఞానవతి ఆమెను అత్తా అనే పిలుస్తుంది.

"ఒక్క రోజే అత్తా. గోడ వార చల్లగా ఉంటాది. బళ్ళు రావు."

"ఒలే జ్ఞానమ్మా, ఆ గోడ కాడ ఇరవై ఏళ్ళ నించీ ఎవులూ ఎందుకు కూకోలేదో తెల్సా? పైన కొట్టులో నిమ్మకాయ జారినా అక్కడికే వస్తాది. వోన నీళ్ళూ అక్కడికే, చెత్తా అక్కడికే. ఈ వీధిలో ఏటి జారినా ఆ గోడకాడే ఆగతాది."

"ఇక్కడ కూర్చుంటే నీ మీదికి లారీ వస్తాదని నాకు భయం. పది రోజులు కళ్ళారా చూశాను. నా మాట విను."

ఎరుకమ్మ ఆమె ముఖం కేసి చూసింది. "మీ అయ్యకీ ఇదే జబ్బు. పట్టుకుంటే వదల్డు," అని నవ్వి, "సరేలే. నువ్వు సెప్పినావని," అంది.

గురువారం తెల్లవారేసరికి మబ్బు పట్టి ఉంది. గాలి లేదు. ఎనిమిదికి తాళ్ళు కట్టారు. నడిమి భాగంలో బళ్ళు లేకపోయేసరికి జనం మొదట అంచులనే నడిచారు, తర్వాత మెల్లగా మధ్యకు వచ్చారు. ఇద్దరు ఆడవాళ్ళు రోడ్డు మధ్యలో నిలబడి మాట్లాడుకున్నారు. అటువంటిది టిన్ బజారులో ఎవరూ చూడలేదు. గణేశ్వరరావు తాడు పక్కన చేతులు కట్టుకుని నిలబడి నవ్వుతున్నాడు. తొమ్మిదిన్నర దాకా జ్ఞానవతి 'కొద్దిలో' గడిలో ఒక్క గీత కూడా గీయలేదు. అంత నిమ్మళంగా ఉన్నా ఆమెకు నమ్మకం కుదరలేదు. ఎందుకో తెలియలేదు. మాటిమాటికీ తల తిప్పి కిందికి చూసింది. గోడ వారన అయిదు బుట్టలు, అయిదు గొడుగులు. ఎరుకమ్మ గోడకు వీపు ఆనించి కూర్చుంది.

పావు తక్కువ పదికి షిప్పు కూత వినిపించింది. పదీ పది అయ్యేసరికి జెట్టీ రోడ్డు నిండిపోయింది. పెట్టెలు, పరుపు చుట్టలు, టాక్సీలు. ఆ గుంపులో నూకన్న లారీని ఒక పోలీసు ఆగనివ్వలేదు. "హటావో, హటావో" అని రేకు మీద కొట్టాడు. నూకన్న ముప్ఫై ఏళ్ళ డ్రైవరు, షాదీపూర్ కుర్రాడు, పెళ్ళయి ఏడాది కాలేదు. లారీ నిండా రమణయ్య బియ్యం బస్తాలు. అతను వేరే దారి లేక చుట్టూ తిరిగి పై కూడలి నుంచి టిన్ బజారులోకి దిగాడు. తాడు అడ్డం వచ్చేసరికి దానికి పది అంగల ఎగువన, నిట్టవాలు మీద బండి ఆపాడు.

జ్ఞానవతి కుర్చీలోంచి లేచింది. "భయ్యా, ఇక్కడ ఆపకూడదు!"

"మరెక్కడ ఆపాలి దీదీ? కింద పోలీసోడు తోలేశాడు, ఇక్కడ మీ తాడు. బండి నెత్తిన పెట్టుకోనా?" అతనికి కోపం లేదు, విసుగు. దిగి ముందు చక్రాల కింద రెండు రాళ్ళు పెట్టాడు. కాలితో తన్ని చూశాడు. గట్టిగానే ఉన్నాయి. పట్టా తాళ్ళు విప్పడానికి వెనక్కి వెళ్ళాడు.

జ్ఞానవతి గణేశ్వరరావు దగ్గరికి పరుగెత్తింది. "సార్, ఆ లారీని పంపించెయ్యండి."

"పంపిస్తాను, పంపిస్తాను. నాలుగు బస్తాలు దిగాక ఖాళీ బండిని..." ఆయన మాట పూర్తి కాకుండానే వాన మొదలైంది.

అక్కడి వాన ముందు చినుకులతో రాదు, ఒక్కసారిగా పడుతుంది. రేకుల మీద చప్పుడుకు ఎవరి మాటా వినిపించలేదు. జనం వసారాల్లోకి ఎక్కారు. రోడ్డు మీద ఎర్ర నీళ్ళు పాయలై దిగాయి. హమాలీలు వెనక నుంచి రెండో బస్తా లాగుతుండగా లారీ కొంచెం ఊగింది. ఒక రాయి నీళ్ళలో జారడం జ్ఞానవతి కళ్ళతో చూసింది. సబ్బు ముక్క జారినట్టు జారింది. రెండో రాయి కాసేపు ఆపింది. తర్వాత దాని మీదుగా చక్రం ఎక్కి దిగింది.

లారీలో ఎవరూ లేరు. ఇంజను చప్పుడు కూడా లేదు. అదే అందరికీ తర్వాత గుర్తుండిపోయింది. అంత పెద్ద బండి, చప్పుడు లేకుండా కదిలింది.

నూకన్న కేకవేస్తూ పక్కనే పరుగెత్తి తలుపు పట్టుకున్నాడు. తాడు తెగింది. నడిమి భాగంలో మిగిలిన పది పదిహేను మంది కొత్తగా వేసిన చెక్కల మీదుగా దుకాణాల్లోకి దూకారు. ఒక్కరికీ చిన్న గీత కూడా పడలేదు. విరిగిన పలకలు అలాగే ఉంటే అక్కడ ముగ్గురు నలుగురు పోయేవారని ఆ తర్వాత రమణయ్యే అన్నాడు. లారీ వాళ్ళ మధ్య నుంచి, ఎవరో దారి చూపించినట్టు తిన్నగా దిగిపోయింది.

"అత్తా!" అని జ్ఞానవతి అరిచింది. తన గొంతు తనకే వినిపించలేదు. కింద నలుగురు ఆడవాళ్ళు లేచి పరుగెత్తారు. ఎరుకమ్మ ఒక చెయ్యి నేల మీద ఆనించి, మోకాలు మడవడానికి ప్రయత్నిస్తోంది. తల ఎత్తి లారీని చూసింది. మళ్ళీ లేవబోయింది.

గోడ దగ్గర లారీ ఆగింది.

నూకన్నను ఆ రోజే తీసుకెళ్ళారు. రాయి సరిగ్గా పెట్టలేదని, హ్యాండ్ బ్రేకు పాతదని, బండి వదిలి వెనక్కి వెళ్ళాడని మూడు తప్పులు రాశారు. విచారణకు ఒక పెద్ద ఆఫీసరు వస్తాడని తెలిసింది. దానికి ముందురోజు గణేశ్వరరావు జంగ్లీఘాట్‌లో జ్ఞానవతి ఇంటికి వచ్చాడు. వారం రోజుల్లో మనిషి సగమయ్యాడు. కుర్చీలో కూర్చోలేదు.

"రేపు మిమ్మల్ని పిలుస్తారు. జనం లెక్క చెప్పండి, అంతే. గోడ వారన ఎవరు కూర్చోబెట్టారన్న మాట ఎత్తకండి. చుక్కల కాగితం నా దగ్గరే ఉంది. అది ఇవ్వను."

"ఎందుకు సార్?"

"ఇస్తే ఈ వీధి ఆగిపోతుంది. తాళ్ళ వల్లే చచ్చిందంటారు. ఇంకో ఇరవై ఏళ్ళు ఎవడూ ముట్టుకోడు. ఆమె చావుకి అర్థం లేకుండా పోతుంది."

"మరి నూకన్న?"

గణేశ్వరరావు గడప దాటి చెప్పులు వేసుకున్నాడు. ఆయన వెళ్ళాక ఆనందబాబు అన్నాడు, "నువ్వు మంచికే చేశావు. ఆ సంగతి దేవుడికి తెలుసు. ఇంక ఊరుకో."

"దేవుడికి తెలిస్తే నూకన్నను వదిలేస్తారా?" అని ఆమె అడిగింది.

మర్నాడు ఆఫీసరు అడిగిన ప్రశ్నలకు జ్ఞానవతి నిలబడే జవాబు చెప్పింది. ఆరు వేల మంది సంగతి చెప్పింది. తర్వాత ఎవరూ అడగకుండానే మిగతాది చెప్పింది. లారీలు చదును మీద ఆగకుండా తాడు కట్టించింది మేము. జెట్టీ రోడ్డులో చోటుండదని రమణయ్య చెప్పాడు, వినలేదు. గోడ వారన కూర్చోబెట్టింది నేను. అక్కడికే అన్నీ జారి వస్తాయని ఆవిడే చెప్పింది, వినలేదు.

"ఆ చోటే ఎందుకు ఎంచుకున్నారు?" అన్నాడు ఆఫీసరు.

"అక్కడ ప్రమాదం కొద్దిలో తప్పడం ఒక్కసారి కూడా చూడలేదండి. కాబట్టి ప్రమాదం లేదనుకున్నాను. అక్కడ మనుషులే లేరన్నది లెక్కలో రాలేదు."

ఆఫీసరు రాయడం ఆపి ఆమెను చూశాడు. గణేశ్వరరావు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. కాసేపటికి లేచి, జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి బల్ల మీద పెట్టాడు.

నూకన్నను వదిలేశారు. లైసెన్సు మాత్రం పోయింది. భార్యను తీసుకుని ఉత్తరాన కలప పనులకు వెళ్ళిపోయాడు. గణేశ్వరరావును ఆరు నెలల్లో మెయిన్‌లాండుకు బదిలీ చేశారు. కానీ ఆయన భయపడినట్టు వీధి ఆగలేదు. చావు జరిగింది కాబట్టి అంతవరకూ కదలని కాగితం ఒక్క వర్షాకాలంలో కదిలింది. వర్తకుల ఒప్పుకోలు పత్రం మీద మొదటి సంతకం రమణయ్యది. జెట్టీ వైపు లారీలకు వేరే జాగా చదును చేశారు. రెండేళ్ళకు టిన్ బజారు నడిచేవాళ్ళ వీధి అయింది. కాలవల మీద కొత్త పలకలు, పొడుగునా నడవ, చేపల వాళ్ళకు సిమెంటు అరుగులు. ఎరుకమ్మ ప్రాణమిచ్చి తెచ్చిన వీధి అని జనం చెప్పుకున్నారు. అది చెప్పేటప్పుడు కొందరు జ్ఞానవతిని కూడా మెచ్చుకున్నారు. లెక్క రాసింది ఆవిడే కదా అన్నారు. విచారణలో ఏం చెప్పిందో బజారుకు తెలియదు. ఆ కాగితాలు ఎవరూ బయట చదవలేదు.

ఆ చావు తర్వాత మూడేళ్ళ పాటు ఆమె ఆ వీధిలోకి వెళ్ళలేదు. మిన్నీ బే వైపు చుట్టూ తిరిగి వెళ్ళేది. చివరికి ఒకరోజు పొద్దున్న, వర్షాలు తగ్గాక, సంచి పట్టుకుని పై కూడలి నుంచి దిగింది. అరుగుల మీద మొదటి చోటు ఎరుకమ్మ కోడలు యర్రమ్మకు ఇచ్చారు. నిండు బుట్ట ముందు పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఏటి వదినా, మర్సిపోయినావా మమ్మల్ని?" అంది యర్రమ్మ నవ్వుతూ. "ఎన్ని ఇమ్మంటావు?"

"చేపలకు రాలేదు యర్రమ్మా. ఒక మాట చెప్పాలని వచ్చాను." జ్ఞానవతి అరుగుకు దగ్గరగా జరిగింది. "అత్తను ఆ గోడ దగ్గర కూర్చోబెట్టింది ఆఫీసు వాళ్ళు కాదు. నేను. వద్దంది. నేనే ఒప్పించాను. నేను చెప్పాననే వెళ్ళింది."

యర్రమ్మ నవ్వు ముఖం మీద అలాగే కాసేపు నిలిచింది. ఇద్దరి పక్కనుంచి జనం నడుస్తున్నారు, వెనక్కి చూసుకోకుండా, పక్కకు చూసుకోకుండా. ఒక తండ్రి పిల్లను నేల మీదికి దింపి వదిలేశాడు. ఆ పిల్ల వీధి మధ్యలో గుండ్రంగా తిరుగుతోంది.

"ఒక్కమాటైనా అన్నాదా మా యత్త? ఎల్లేటప్పుడు?"

"సరేలే, నువ్వు చెప్పావని, అంది."

యర్రమ్మ తల ఊపింది. ఒకసారి, మళ్ళీ ఇంకోసారి. తర్వాత గుడ్డ అంచు అందుకుని బుట్ట మీదికి మెల్లగా లాగి కప్పేసింది. అయిదేళ్ళుగా వదినా అని పిలిచిన మనిషి, తల ఎత్తకుండా, ముక్కూమొహం తెలియని వాళ్ళను పిలిచినట్టు అంది:

"ఇయ్యాల సేపలు లేవు దీదీ."

జ్ఞానవతి కొంచెంసేపు అక్కడే నిలబడింది. ఇంకేమైనా అంటుందేమోనని చూసింది. యర్రమ్మ ఆమె వెనక నిలబడ్డ ఇంకెవరితోనో ఏం కావాలని అడుగుతోంది. జ్ఞానవతి ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని, వచ్చిన దారినే ఎక్కడం మొదలుపెట్టింది.